సందులో సాగు: ఆరు లైన్ల మీద వేసిన ఒక పెరటి తోట

ఇళ్ల ఆవరణల్లో కూరగాయలు పెంచుకునేవారికి సలహాలివ్వడం నా వృత్తి. నన్ను పిలిచేవారు సాధారణంగా పిండినల్లి గురించి, పూత రాలడం గురించి, కాయతొలిచే పురుగు గురించి అడుగుతారు. మడి కింద ఏ పైపు పోతోందని అడిగినవారు నాకు గుర్తున్నంతలో లేరు. ఈ కేసు వరకు నేనూ వారిని ఆ ప్రశ్న అడగలేదు. మొదటి రోజే అడిగి ఉంటే ఈ ఇంట్లో ఒక వానాకాలపు పంట, ఒక ఇటుక మడి, కొంత డబ్బు మిగిలేవి. నా మీద వారికున్న నమ్మకం కూడా అంతగా సడలేది కాదు. వారి అనుమతితోనే ఇది రాస్తున్నాను. కుటుంబాన్ని, కాలనీని గుర్తుపట్టే వివరాలను మార్చాను. నేలకు, మొక్కలకు, పైపులకు సంబంధించిన విషయాలను మార్చలేదు.

నేపథ్యం

హైదరాబాద్ శివారులోని ఒక లేఅవుట్‌లో, 200 గజాల స్థలంలో సుమారు 18 ఏళ్ల కిందట కట్టిన ఇల్లు అది. ఉద్యోగాల నుంచి విరమించిన దంపతులు ఉంటున్నారు. ముందు భాగమంతా కారు నిలిపేందుకు టైల్స్ వేయించారు, వెనక బోరు, బట్టలు ఉతికే గట్టు ఉన్నాయి. మట్టి నేల మిగిలింది ఒక్క తూర్పు వైపు సందులోనే: ఇంటి గోడకు, ప్రహరీకి మధ్య 7 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవు. మధ్యాహ్నం దాకా ఎండ పడుతుంది కనుక కూరగాయలకు ఆ ఇంట్లో అంతకంటే మంచి చోటు లేదు.

ఇల్లు కట్టినవారికీ ఆ సందు అంతే మంచి చోటుగా కనిపించింది. వీధి నుంచి సంపుకు వచ్చే నల్లా పైపు, వంటింటి నుంచి, బాత్రూముల నుంచి బయటికి పోయే డ్రైనేజీ లైను, ముందున్న స్టార్టర్ పెట్టె నుంచి వెనక బోరు మోటారుకు వెళ్లే కేబుల్, ఇంటి ఎర్తింగ్ గుంత, మూడేళ్ల కిందట వేసిన వంటగ్యాస్ పైపు, ఇంటర్నెట్ ఫైబర్ తీగ, ఈ ఆరూ ఆ ఏడడుగుల సందులోనే పోతున్నాయి. మన కాలనీల్లో ఇదేమీ వింత కాదు. సెట్‌బ్యాక్ కోసం వదిలిన జాగా ఖాళీగా కనబడుతుంది కాబట్టి, వచ్చిన ప్రతి పనివాడూ తన లైను అందులోనే వేసి వెళ్తాడు, మట్టి కప్పేస్తాడు, ఎక్కడా గుర్తు పెట్టడు. నన్ను పిలిచిన నాడు వారి మనసులో ఉన్నవి రెండే లైన్లు: పైకి ఛాంబర్ల మూతలు కనిపించే డ్రైనేజీ, గోడ మీద మీటరు కనిపించే గ్యాస్.

వారు తెచ్చిన సమస్య

జూన్‌లో, తొలకరి పడిన వారంలో, ఆ ఇంటి అమ్మగారు ఫోన్ చేసి ఫోటోలు పంపారు. రెండేళ్లుగా సందంతా మడులు కట్టి వంగ, టమాటా, బెండ, బీన్స్, ఆకుకూరలు వేస్తున్నారు. ప్రహరీ వారగా ఒక మునగ చెట్టు కూడా ఉంది. మూడు విషయాలు ఆవిడకు అర్థం కాలేదు. ఉత్తరపు మూలలో ఏది నాటినా ఆకుల అంచులు మాడి చనిపోతోంది. నడిమి ఛాంబరుకు కొంచెం దిగువన మాత్రం తోటకూర ఎరువు వేయకుండానే నడుమెత్తు పెరుగుతోంది. ఏడాదిలో రెండుసార్లు డ్రైనేజీ నిలిచిపోయి రాడ్డు వేయించాల్సి వచ్చింది. దానికీ తోటకూ ఏమైనా సంబంధం ఉందా అని కూడా అడిగారు.

ఈ మూడూ వేర్వేరు సమస్యలని నేను అనుకోవడంతోనే తప్పు మొదలైంది.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

మూలలో చనిపోతున్న మొక్కల ఫోటోలు చూసి అది వేరుకుళ్లు అనుకున్నాను. తొలకరి, తడి నేల, నారు వాలిపోవడం. ఈ మూడూ కలిస్తే ఎవరికైనా అదే తోస్తుంది. ట్రైకోడెర్మా (కుళ్లును అణిచే మేలు శిలీంధ్రం) కలిపిన పశువుల ఎరువు వేయమని, నీరు నిలవకుండా చూడమని చెప్పాను. ఫోటోల్లోనే ఉన్న ఒక ఆధారాన్ని పట్టించుకోలేదు. ఆ మూలలో బీన్స్, ఉల్లి మొదట పోయాయి. టమాటా అంచులు మాడినా కొంతకాలం నిలిచింది. పక్కనే ఉన్న పాలకూరకు ఏమీ కాలేదు. కుళ్లు తెగులు ఇలా వరస పాటించదు. నేలలో ఉప్పు పెరిగినప్పుడు మాత్రం పంటలు సరిగ్గా ఈ వరసలోనే దెబ్బతింటాయి. నేలలో ఉప్పు ఎంతుందో తడి మట్టి నుంచి తీసిన నీటి విద్యుత్ వాహకతను బట్టి చెబుతారు. అది మీటరుకు 1 డెసీసీమెన్ దాటితేనే బీన్స్ దిగుబడి తగ్గడం మొదలవుతుంది, ఉల్లికి ఆ హద్దు 1.2, టమాటాకు 2.5, బీట్‌రూట్‌కు 4. మనం పాలకూర అనేది బీట్‌రూట్ జాతిదే కాబట్టి అది తట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఈ అంకెలు నాకు ఏళ్లుగా తెలిసినవే. కానీ ఊరి నడుమ ఇంటి సందులోకి ఉప్పు ఎలా వస్తుందన్న ఆలోచనే రాక, ఆ వైపు చూడలేదు.

తోటకూర విషయంలో చేసింది ఇంకా పెద్ద తప్పు. ఏపుగా పెరుగుతున్న చోట మట్టి బాగుందని, ఆకుకూరలను అక్కడే మరో రెండు మడులకు పెంచమని సలహా ఇచ్చాను. ఎరువు వేయని చోట మొక్క అంతగా పెరుగుతుంటే దానికి నత్రజని ఎక్కడి నుంచి వస్తోందని అడగవలసినవాణ్ణి నేనే. ఆ కుటుంబం ఆ ఆకుకూరను మూడు నెలలు తిన్నది. బాగా కడిగి, ఉడికించి తినే అలవాటు ఉండటం వల్లనో, అదృష్టం వల్లనో ఎవరికీ జబ్బు చేయలేదు. అందులో నా జాగ్రత్త ఏమీ లేదు.

డ్రైనేజీకి సూచించిన ఉపాయం ఇటుక మడి. వేర్లు పైపులోకి పోతున్నాయేమో అనిపించి, నేల మీద ఒకటిన్నర అడుగు ఎత్తున ఇటుకలతో మడి కట్టించి కొత్త మట్టి నింపితే వేర్లు పైనే ఉంటాయని లెక్క వేశాను. పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు గల మడిని డ్రైనేజీ లైను మీదుగా, రెండు ఛాంబర్ల మధ్య కట్టించాము. చూడటానికి చాలా ముచ్చటగా ఉండేది.

సెప్టెంబరు వానల్లో ఆ మడి లోపాలన్నీ ఒకేసారి బయటపడ్డాయి. 45 ఘనపుటడుగుల మట్టి తడిసిన తరువాత రెండు టన్నులకు పైగా తూగుతుంది. ఆ బరువు కిందనున్నది సిమెంటు అతుకులతో వేసిన పాత నాలుగంగుళాల రాతిపింగాణి పైపు; దాని చుట్టూ పూడ్చిన మట్టి గట్టిపడిందో లేదో ఎవరూ చూడలేదు. బరువుకు ఒక అతుకు దిగిపోయిందని నా అనుమానం. అది అంతకుముందే దిగి ఉండవచ్చు కూడా. ఏదైనా, ఒక ఆదివారం ఉదయం డ్రైనేజీ నిలిచి బాత్రూములోకి ఎదురుతన్నింది. రాడ్డు సగం దూరం వెళ్లి ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో అక్కడ తవ్వాలి, కానీ అక్కడ మా మడి ఉంది. వచ్చిన కూలీలు కాపుకొచ్చిన వంగ మొక్కలతో సహా ఇటుకలు పీకి, మట్టిని నడిచే దారిలో, తులసికోట మీద, గోడ వారగా పోశారు. తవ్విన చోట పైపు అతుకులో నుంచి మునగ వేరు లోపలికి దూరి, కొబ్బరి పీచులా కుచ్చులు కట్టి ఉంది. చెట్టు ఆ అతుకుకు సుమారు ఐదడుగుల దూరంలో ఉంది. ఎత్తు మడిలో వేసిన వంగ వేర్లకు, పైపు మూసుకుపోవడానికి ఏ సంబంధమూ లేదు. నేను అడ్డుకోవాలనుకున్న వేర్లు వేరు, పైపును అడ్డగించిన వేర్లు వేరు.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. దిగువన తవ్వుతున్న మనిషి గడ్డపార ఠంగుమని ఆగింది. మట్టి తీసి చూస్తే పగిలిన పీవీసీ గొట్టం, అందులో బోరు మోటారు కేబుల్. నేలకు తొమ్మిది అంగుళాల లోతులోనే ఉంది. పై తొడుగు గీరుకుపోయింది తప్ప తీగ బయటపడలేదు. అతని కాళ్లు తడి మట్టిలో ఉన్నాయి. ఆ కేబుల్ సరిగ్గా అక్కడ, అంత పైన ఉన్నట్టు ఇంటివారికీ తెలియదు, రెండు నెలల కిందట అదే వరసలో పందిరికి గుంజలు పాతించిన నాకూ తెలియదు. గుంజలు రెండడుగుల లోతు దిగాయి. వాటిలో ఒకటి ఈ కేబుల్‌కు జానెడు దూరంలో ఉంది.

ఆ సాయంత్రం తోటలో అన్ని పనులూ ఆపించాను. మళ్లీ ఒక్క మొక్క నాటే ముందు సందు కింద ఏమేం ఉన్నాయో తేల్చుకోవాలని చెప్పాను. ఆ మాట నేను చెప్పవలసిన రోజు జూన్‌లోనే వచ్చి పోయింది. ఆ సంగతి అమ్మగారి భర్త ఏమీ అనకుండానే నాకు అర్థమయ్యేలా చేశారు.

నేల కింద పటం

బయట రోడ్డు తవ్వే సంస్థల మధ్య సమన్వయం కోసం కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను ప్రారంభించింది. అది ప్రహరీ లోపలి లైన్లను చూపించేది కాదు. వారి అమ్మాయి అమెరికాలో టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడ 2007 నుంచి దేశమంతటికీ 811 అనే ఒకే నంబరు ఉంది. తవ్వే ముందు ఆ నంబరుకు చెబితే ఆయా సంస్థలవారు వచ్చి నేల మీద రంగులతో గీతలు గీసి వెళ్తారు. ఎరుపు కరెంటుకు, పసుపు గ్యాస్‌కు, నారింజ ఫోన్, ఇంటర్నెట్ తీగలకు, నీలం మంచినీటికి, ఆకుపచ్చ మురుగుకు. ఆ అమ్మాయి పంపిన ఫోటోలు చూసి ఆ రంగులనే వాడుకుందామని అమ్మగారు అన్నారు. అయితే అక్కడ కూడా సంస్థలు గుర్తులు పెట్టేది సాధారణంగా తమ లైన్లకే. మీటరు దాటాక ఇంటి యజమాని సొంతంగా వేయించుకున్న లైన్ల బాధ్యత వారిది కాదు. మా బోరు కేబుల్ లాంటిది అక్కడైనా ఏ పటంలోనూ ఉండదు. అందుచేత మా పటం మేమే గీసుకోవలసి వచ్చింది.

పటం గీయడంలో మేము అనుసరించిన క్రమానికి ఒక కారణం ఉంది: పొరపాటు జరిగితే ప్రాణానికి ప్రమాదమైన లైను ముందు, డబ్బుతో పోయేది తరువాత. కాబట్టి గ్యాస్‌తో మొదలుపెట్టాము. నేలలో సహజవాయువు లీకైతే మట్టి రంధ్రాల్లోని గాలిని అది తోసేస్తుంది, వేర్లకు ఆక్సిజన్ అందక ఒక చోట మొక్కలు పసుపెక్కి చనిపోతాయి. మూలలో చనిపోతున్న మొక్కలకు ఇదొక కారణమయ్యే అవకాశం ఉందని నాకు అప్పుడుగానీ తట్టలేదు. వాసన లేకపోవడం ఒక ధైర్యం, అయినా దాన్నే నమ్ముకోకూడదు. గ్యాస్ సంస్థకు ఫోన్ చేస్తే వారి టెక్నీషియన్ వచ్చి పరికరంతో చూసి లీకు లేదని నిర్ధారించాడు. పసుపు ప్లాస్టిక్ పైపు ఇంటి గోడకు రెండడుగుల దూరంలో, సుమారు మూడడుగుల లోతున పోతోందని, దాని పైన హెచ్చరిక పట్టీ ఉంటుందని చూపించాడు. తవ్వడం అవసరమైతే తమకు చెప్పి, తమ మనిషి ఎదుట మాత్రమే తవ్వాలని, దాని మీద కాంక్రీటు పోయవద్దని, చెట్లు నాటవద్దని చెప్పి వెళ్లాడు. ఎప్పుడైనా ఆ చోట గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా, నిప్పు వెలిగించకుండా దూరంగా వెళ్లి అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలన్నది ఇంట్లో పనిమనిషికి కూడా చెప్పించాము. రాలిన ఆకులను సందులో కాల్చే అలవాటు ఆ రోజుతో ఆగింది.

కరెంటు విషయంలో మోటారు బ్రేకరు దించి, ఎలక్ట్రీషియన్‌ను దగ్గర పెట్టుకుని, గడ్డపార లేకుండా చేతి తాపీతో నాలుగు చోట్ల చిన్న గుంతలు తీసి కేబుల్ దారిని పట్టుకున్నాము. ఇక్కడ లోతు గురించి ఒక మాట చెప్పాలి. ఇల్లు కట్టినప్పుడు దాన్ని అడుగున్నర లోతులో వేశారని ఆయనకు గుర్తు. అది నిజమే కావచ్చు. తరువాత సందు వాలు సరిచేయడానికి పై మట్టి గోకించారు. ప్రతి సీజనులో మడులు కట్టడానికి మట్టిని పక్కకు లాగారు. లైను కదలదు, నేల మట్టం కదులుతుంది. ఎవరైనా ‘ఇంత లోతులో ఉంది’ అంటే ఏ సంవత్సరపు నేల నుంచి కొలిచారని ఇప్పుడు అడుగుతున్నాను. ఫైబర్ తీగ మూడంగుళాల లోతులో, మరీ చెప్పాలంటే గడ్డి కింద దొరికింది.

ఎర్తింగ్ గుంత దొరకడంతో మూల రహస్యం విడిపోయింది. ఉత్తరపు మూలలో చిన్న సిమెంటు మూత ఉంది. దాని మీద కంపోస్టు బుట్ట పెట్టారు కనుక నేను చూడలేదు. బొగ్గు, ఉప్పు పొరలు వేసి కట్టిన పాత పద్ధతి ఎర్తింగ్ అది. ప్రతి వేసవిలో ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు ఆయన అందులో ఉప్పు వేసి బకెట్ల కొద్దీ నీళ్లు పోస్తున్నారు. వాన పడ్డప్పుడల్లా ఆ ఉప్పు చుట్టూ ఊరుతోంది. గుంతకు రెండడుగుల దూరంలో తీసిన మట్టికి, సందు మరో చివర తీసిన మట్టికి వాహకత కొలిపిస్తే మూల మట్టిది నాలుగు రెట్లకు పైగా ఉంది. ఉప్పు, నీరు పోయడం మానేద్దామా అని ఆయన అడిగారు. వద్దన్నాను. మొక్కల కోసం ఎర్తింగ్‌ను బలహీనపరచడం అంటే మనుషుల భద్రతను బీన్స్‌కు అమ్ముకోవడమే. మొక్కలు జరుగుతాయి, ఎర్తింగ్ జరగదు. గుంత చుట్టూ ఐదడుగులు ఖాళీగా ఉంచి, ఎర్తింగ్ పట్టీ పోయే దారిలో పార పెట్టకూడదని నిర్ణయించాము. ఆ పట్టీ తెగితే ఇంట్లో బల్బులు ఆరవు, ఏ మార్పూ కనిపించదు, గీజరు షాకు కొట్టే రోజు దాకా ఎవరికీ తెలియదు.

తోటకూర మడి కింది తడి ఎక్కడిదన్నది చివరి ప్రశ్న. నల్లా పైపు కూడా అక్కడికి దగ్గరలోనే పోతోంది కనుక రెండు అవకాశాలు ఉన్నాయి. ఆ కాలనీకి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. లీకు నల్లా పైపుదైతే నీళ్లు వదిలిన రోజున తడి పెరగాలి. డ్రైనేజీదైతే ఇంట్లో స్నానాలయ్యే వేళకు పెరగాలి. పది రోజులు అమ్మగారు ఉదయం, సాయంత్రం చూసి క్యాలెండరు మీద రాశారు. తడి నల్లా రోజులతో కలవలేదు, స్నానాలతో కలిసింది. దాన్ని నిర్ధారించడానికి ప్లంబర్ దిగువ ఛాంబరు నోటిని ఇసుక నింపిన గుడ్డ సంచితో మూసి, ఎగువ ఛాంబరును నీటితో నింపి, మట్టం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టాడు. అరగంటలో నీరు గీతకు నాలుగు వేళ్లు కిందికి దిగింది. తోటకూరకు ఎరువు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోయింది.

ఇందులో ఆకుకూర కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది పక్కనున్న నల్లా పైపు. నిరంతరం నీరు ఉండే పైపులో ఒత్తిడి లోపలి నుంచి బయటికి ఉంటుంది. చిన్న రంధ్రం ఉంటే నీరు బయటికి కారుతుందే తప్ప మురుగు లోపలికి రాదు. మన నల్లాలు ఎక్కువ సమయం ఖాళీగా ఉంటాయి. పైగా వీధిలో ఎవరైనా నేరుగా మోటారు పెట్టి లాగితే పైపు చుట్టూ ఉన్న తడిని కూడా రంధ్రం గుండా లోపలికి పీల్చుకుంటుంది. మురుగుతో నానిన మట్టిలో నుంచి తాగునీటి పైపు పోతోందంటే, దాని మీద పడే ఒక్క గడ్డపార దెబ్బ చాలు. మడిలో మనం వేసే పచ్చి పేడ, పోసే మందులు కూడా ఆ దారినే లోపలికి పోగలవు. ఆ కారణంగానే డ్రైనేజీ మరమ్మతుతో పాటు నల్లా పైపును కూడా అదే వారంలో మార్పించాము.

పనిచేసినది

నవంబరులో సందు పొడవునా డ్రైనేజీ పాత పైపు తీసి, రబ్బరు రింగుల అతుకులున్న పీవీసీ పైపు వేయించారు. నల్లా కోసం కొత్త పైపును ప్రహరీ వైపు, డ్రైనేజీకి దూరంగా, దానికంటే ఎత్తులో, ఒక పెద్ద గొట్టం లోపల నడిపించారు. బోరు కేబుల్‌ను నేలలో నుంచి తీసి ఇంటి గోడకు క్లాంపులతో బిగించారు. నాకు ఈ మొత్తం పనిలో అన్నింటికంటే తృప్తినిచ్చింది అదే. మునగను మొదలు దాకా నరికి, మోడు మళ్లీ చిగురించకుండా వేరు తీయించాము. అమ్మగారికి అది నచ్చలేదు. ములక్కాడలు ఇక కొనుక్కోవాలా అన్నారు.

మళ్లీ నాటేటప్పుడు నా ఆలోచన ఏ పంట వేరు ఎంత లోతుకు పోతుందన్న దగ్గర మొదలు కాలేదు. ఆకుకూరల వేర్లు అడుగు లోతున తిరుగుతాయి, టమాటా, వంగ రెండు మూడు అడుగులు పోతాయి. ఇవన్నీ మెత్తని వేర్లే, బాగున్న పీవీసీ పైపును గానీ, గ్యాస్ పైపును గానీ ఏమీ చేయలేవు. ఈ సందులో నష్టం చేసినవన్నీ వేరే: గడ్డపార, గుంజ, బరువు, చెట్టు, మూత మీద పెట్టిన బుట్ట. కాబట్టి ఏ చోట అయినా రేపు ఎవరో తవ్వవలసి వస్తే అక్కడున్నవాటిని ఎంతసేపట్లో తీయగలం అన్నది కొలతగా పెట్టుకున్నాను.

లైన్లు పోయే నాలుగడుగుల వెడల్పులో నేలలో ఏమీ నాటలేదు. అక్కడ పెరిగేదంతా గ్రో బ్యాగుల్లోనే. మొదట అన్నింటికీ 15 అంగుళాల సంచులు తెప్పిద్దామనుకున్నాను. ఒకటి నింపి, నీళ్లు పోసి కాటా మీద పెడితే 30 కిలోలు దాటింది. ఆ వయసులో ఇద్దరూ కలిసినా ఎత్తలేని బరువు. అందుకని ఆకుకూరలకు, మిరపకు 12 అంగుళాలవి, టమాటా, వంగలకు మాత్రం 15 అంగుళాలవి, మూడు తప్ప అన్నీ చక్రాల పీటల మీద పెట్టాము. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చాము. తూకం తగ్గేది కొబ్బరి పొట్టు వల్లనే. అడుగున కారే నీరు ఇంటి గోడ వైపు పోకుండా సంచులను గోడకు నాలుగంగుళాలు ఎడంగా ఉంచాము.

ప్రహరీ వారగా ఏ లైనూ లేని చోట, అంటే కొత్త నల్లా పైపు మొదలయ్యే ముందున్న 14 అడుగుల్లో, బెండ, గోరుచిక్కుడు నేరుగా నేలలో వేశాము. బీర, కాకర తీగలకు గుంజలు పాతడం మానేసి, ప్రహరీకి బిగించిన ఇనుప కొక్కేలకు నైలాను వల కట్టించాము. కరివేపాకు మొక్క పిలకలతో దూరం దూరం పాకుతుంది కాబట్టి దాన్ని సగానికి కోసిన నీళ్ల డ్రమ్ములో పెట్టాము. పైన చెప్పిన అయిదు రంగులతో ఇంటి గోడ మీద లైన్ల దారిని, గోడ నుంచి దూరాన్ని, ఆ రోజున కొలిచిన లోతును తేదీతో సహా రాయించాము. ఎర్తింగ్‌కు వేరే రంగు లేదు గనక ఎరుపులోనే గుర్తు వేసి పక్కన పేరు రాశాము. పూడ్చకముందు తెరిచిన కాలువలో టేపు పరిచి తీసిన ఫోటోలు వారి ఫోన్లలోనూ, నా దగ్గరా ఉన్నాయి.

తరువాత నేను వారితో ఒక కసరత్తు చేయించాను. ఆయనకు అది కాస్త వినోదంగా అనిపించింది. ప్లంబర్ వచ్చాడనుకుని, నడిమి ఛాంబరు నుంచి చివరి ఛాంబరు దాకా సంచులన్నీ తీయమన్నాను. ఇద్దరికీ 40 నిమిషాలు పట్టింది. చక్రాల పీటలు లేని మూడు పెద్ద సంచుల దగ్గరే సగం సమయం పోయింది కాబట్టి వాటికీ పీటలు చేయించారు. ఫిబ్రవరిలో నిజంగానే అవసరం పడింది. సంపు దగ్గర నల్లా పైపు కలిసే చోట కారుతుంటే ప్లంబర్‌ను పిలిచారు. అతను గోడ మీద నీలి గుర్తు చూసి, దూరం కొలిచి, మొదటి గుంతలోనే పైపును పట్టుకున్నాడు. సంచులు పాతిక నిమిషాల్లో పక్కకు వెళ్లి, సాయంత్రానికి తిరిగి వచ్చాయి. ఒక టమాటా కొమ్మ విరిగింది.

నాకు మిగిలినవి

దిగుబడి తగ్గిందన్నది దాచవలసిన విషయం కాదు. నేలలో వేసినప్పటి కంటే వంగ, టమాటా కాపు తక్కువ, వేసవిలో సంచులకు రెండు పూటలా నీళ్లు పోయాలి. కొబ్బరి పొట్టు ఏటా కొంత కుంగిపోతుంది, మళ్లీ నింపుకోవాలి. ఖర్చులో అత్యధిక భాగం పైపులదే, తోటది కాదు. అయితే ఆ పైపులు తోట ఉన్నా లేకున్నా మార్చవలసినవే.

నా పద్ధతిలో మాత్రం మార్పు వచ్చింది. ఫోటోలు చూసి సలహా ఇవ్వడం పూర్తిగా మానలేదు, కానీ నేలలో వేసిన తోట అయితే ఛాంబర్ల మూతల ఫోటోలు, మీటర్ల ఫోటోలు, ఎర్తింగ్ మూత ఫోటో ముందు పంపమంటున్నాను. ఏపుగా పెరిగిన మొక్కను కూడా మాడిన మొక్కంత అనుమానంగా చూస్తున్నాను. ఎత్తు మడి కట్టమని అడిగేవారికి, అది లైను మీద కాకుండా చూడమని చెప్పడమే కాక, ఇంటి గోడకు ఆనించి కడితే చెమ్మ, చెదలు గోడలోకి వస్తాయని కూడా చెబుతున్నాను.

తోటకూర మడి ఉన్నచోట పైపు మార్చేటప్పుడు అడుగు లోతు మట్టి తీయించి బయటికి పంపాము. అక్కడ కూరగాయలు వద్దని, ఏడాదిన్నర పాటు పూల మొక్కలు వేసుకోమని చెప్పాను. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో పచ్చి పశువుల ఎరువు వేసిన తరువాత, మట్టిని తాకే పంట కోయడానికి 120 రోజులు, తాకని పంటకు 90 రోజులు ఆగమని ఉంది. అది పశువుల ఎరువు లెక్క. మనిషి మురుగులో వచ్చే ఏలికపాము గుడ్లు నేలలో నెలల తరబడి, అనుకూలిస్తే ఏళ్ల తరబడి బతికి ఉంటాయి; వాటికి 120 రోజుల లెక్కను వర్తింపజేసే ధైర్యం నాకు లేదు. ఏడాదిన్నర అన్నది కూడా ఏ పుస్తకంలోనూ లేదు, నేను పెట్టుకున్న గడువు. ఇప్పుడక్కడ బంతి, కనకాంబరం పూస్తున్నాయి. మొన్న దసరాకు పూల ఫోటో పంపుతూ అమ్మగారు, “ఇక్కడ కాస్త కొత్తిమీర చల్లుకోవచ్చాండీ?” అని అడిగారు. ఇంకా వద్దన్నాను.